క్షేత్రం అమ్మేస్తే ఉద్గారాలు తగ్గినట్టేనా? ఒక చమురు కంపెనీ వాతావరణ హామీపై కేస్ స్టడీ

చమురు కంపెనీల కర్బన ఉద్గారాల లెక్కలు సరిచూడటం నా వృత్తి. ఈ కేసులో కంపెనీ పేరు, దేశం, క్షేత్రాల పేర్లు, వాళ్ల అసలు అంకెలు ఏవీ ఇవ్వడం లేదు. కింద లెక్కలు కనిపించిన చోట అవి అందరూ వాడే గుణకాలతో వేసిన ఉదాహరణలే తప్ప ఆ కంపెనీవి కావు. ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. వాతావరణ హామీ గురించి మాట్లాడేటప్పుడు అందరం శాతం ఎంత అని చూస్తాం. ఆ శాతాన్ని దేని మీద లెక్కకట్టారు, ఎలా కొలిచారు అన్నవే అసలు విషయాలు. ఈ కంపెనీలో అది కనిపించినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

నేపథ్యం

ఇది మధ్యస్థాయి కంపెనీ. నేల మీద కొన్ని పాత క్షేత్రాలు, సముద్రంలో కొన్ని, ఇతర కంపెనీలతో భాగస్వామ్యంలో మరికొన్ని ఉన్నాయి. 2030 నాటికి ఉద్గారాలను సగానికి తగ్గిస్తామని, 2050 నాటికి నెట్ జీరో (వెలువడేదాన్ని తగ్గించి, మిగిలినదాన్ని తిరిగి తీసేసి నికరంగా సున్నా) చేరతామని ఇది హామీ ఇచ్చింది. బయటికి చెప్పింది ఇంతే. లోపలి పత్రం తెరిచి చూస్తే ఆ హామీ స్కోప్ 1, స్కోప్ 2లకే పరిమితం.

స్కోపుల సంగతి తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ప్రకారం కంపెనీ సొంత బావుల దగ్గర, సొంత యంత్రాల్లో వెలువడేది స్కోప్ 1. కొన్న కరెంటు, ఆవిరి తయారీలో వెలువడేది స్కోప్ 2. మిగతాదంతా స్కోప్ 3. అందులో 15 రకాలున్నాయి. చమురు కంపెనీకి వాటిలో ముఖ్యమైనది 11వది, అంటే అమ్మిన ఇంధనాన్ని కొన్నవాళ్లు కాల్చినప్పుడు వచ్చే ఉద్గారాలు. చమురు కంపెనీల మొత్తం ఉద్గారాల్లో సాధారణంగా 80 శాతానికి పైగా ఇక్కడే ఉంటాయి. కాబట్టి "సగానికి తగ్గిస్తాం" అన్న మాట నిజానికి ఆ చిన్న వాటాలో సగం గురించి చెప్పిన మాట.

హామీ ఇచ్చిన కొన్నేళ్లకు వార్షిక నివేదికలో మంచి తగ్గుదల కనిపించింది. లక్ష్యంలో చాలా దూరం వచ్చేశామని యాజమాన్యం సంతోషంగా ఉంది. అదే సమయంలో ఒక పెద్ద రుణాన్ని పునరుద్ధరించుకోవాల్సి వచ్చింది. ఆ రుణం వడ్డీ ఉద్గారాల లక్ష్యంతో ముడిపడి ఉంది. లక్ష్యం చేరితే వడ్డీ కాస్త తగ్గుతుంది, చేరకపోతే పెరుగుతుంది. రుణదాత తరఫున పరిశీలించిన వ్యక్తి ఒకే ప్రశ్న అడిగారు. "ఇందులో మీరు తగ్గించింది ఎంత, అమ్మేసింది ఎంత?"

కంపెనీలో ఎవరి దగ్గరా దానికి జవాబు లేదు. మమ్మల్ని పిలిచింది అందుకే.

తగ్గుదలను విడదీస్తే

మొదటి నిర్ణయం నుంచే వాదన మొదలైంది. సస్టైనబిలిటీ విభాగం కోరింది నివేదిక సరిచూసి సర్టిఫికెట్ ఇవ్వమని. కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి కాబట్టి ఆ పని తేలికే. కానీ రుణదాత అడిగింది కూడికల గురించి కాదు. అందుకే తగ్గిన ప్రతి టన్నుకూ కారణం రాయాలని పట్టుబట్టాం. అమ్మకం వల్ల తగ్గిందా, బావి సహజంగా తగ్గుముఖం పట్టడం వల్లా, లెక్క పద్ధతి మారడం వల్లా, లేక ఎవరైనా నిజంగా ఏదైనా బాగు చేయడం వల్లా?

తేలింది ఏమిటంటే, తగ్గుదలలో అధిక భాగం ఒక పాత క్షేత్రాన్ని అమ్మేయడం వల్ల వచ్చింది. చమురుతోపాటు పైకొచ్చే గ్యాస్‌ను తరలించే పైపులైను అక్కడ లేదు. దాన్ని ఏళ్ల తరబడి మంటలో కాల్చేస్తూ వచ్చారు. కంపెనీ మొత్తంలో బ్యారెల్‌కు అత్యధిక ఉద్గారాలు వెలువడేది ఆ క్షేత్రంలోనే. అది పోగానే పుస్తకాల్లో అంకె ఒక్కసారిగా పడిపోయింది.

ఇంకొంత భాగం భాగస్వామ్య క్షేత్రం నుంచి వచ్చింది. దాన్ని నడిపే బాధ్యత వేరే భాగస్వామికి మారింది. ఈ కంపెనీ "నేను నడిపేవే నా ఉద్గారాలు" అన్న పద్ధతిలో లెక్క రాస్తుంది. అందువల్ల లాభంలో వాటా అలాగే వస్తున్నా ఉద్గారాల్లో వాటా సున్నా అయింది. మరికొంత భాగం పునరుత్పాదక విద్యుత్ సర్టిఫికెట్లు కొనడం వల్ల స్కోప్ 2లో తగ్గింది. ఇంజనీర్లు చేతులతో చేసిన పని వల్ల తగ్గింది చివరికి చిన్న ముక్కే.

గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్‌లో దీనికి స్పష్టమైన నియమం ఉంది. ఆస్తి అమ్మితే, లేదా కొంటే, ఆధార సంవత్సరం (తగ్గుదలను ఏ ఏడాదితో పోలుస్తారో అది) అంకెను కూడా ఆ మేరకు తిరిగి లెక్కించాలి. అమ్మిన క్షేత్రాన్ని ఇప్పటి అంకెలోంచి తీసేస్తే అప్పటి అంకెలోంచీ తీసేయాలి. అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది. క్షేత్రం సహజంగా ఎండిపోతూ ఉంటే మాత్రం ఆధార సంవత్సరాన్ని మార్చనక్కర్లేదు. ఆ తగ్గుదల వాతావరణానికి నిజమైనదే. అయితే దాన్ని శ్రమ ఫలితంగా చూపించకూడదని మేం విడిగా రాశాం.

అమ్మిన క్షేత్రం ఏమైందో చూడటం మా పని పరిధిలో లేదు. అయినా చూశాం. రాత్రిపూట మంటలను గుర్తించే వీఐఐఆర్ఎస్ అనే ఉపగ్రహ పరికరం ఉంది. దాని డేటా అందరికీ అందుబాటులో ఉంటుంది. అమ్మకానికి ముందు, తర్వాత అదే చోట మంట వెలుగుతూనే ఉంది. కొన్నది ఎలాంటి వాతావరణ హామీ ఇవ్వని, షేర్ మార్కెట్లో లేని కంపెనీ. గాలిలోకి వెళ్లేది తగ్గలేదు, దాన్ని బయటికి చెప్పేవాళ్లు మాత్రం లేకుండా పోయారు. ఆ ఉపగ్రహ చిత్రాన్ని బోర్డుకిచ్చిన నివేదికలో పెట్టాం. అంకెల పట్టికలకు రాని స్పందన దానికి వచ్చింది.

పని చేయని ఉపాయాలు

ఈ విషయం బయటపడగానే కంపెనీ లోపలి నుంచి రకరకాల ప్రతిపాదనలు వచ్చాయి. ఒక్కొక్కదాన్ని ఎందుకు వద్దన్నామో చెప్పడం ముఖ్యం. ఎందుకంటే ఇవి దాదాపు ప్రతి చమురు కంపెనీలోనూ ఎదురవుతాయి.

మొత్తం టన్నులు వదిలేసి బ్యారెల్‌కు ఎంత అన్న లెక్కకు మారదామన్నారు. క్షేత్రాల పనితీరు పోల్చడానికి ఆ లెక్క పనికొస్తుంది, నేనూ వాడతాను. హామీకి మాత్రం పనికిరాదు. ఉత్పత్తి 20 శాతం పెరిగి, బ్యారెల్‌కు ఉద్గారాలు 10 శాతం తగ్గితే మొత్తం ఉద్గారాలు 8 శాతం పెరుగుతాయి. కంపెనీ తగ్గించానని చెప్పుకుంటూనే ఉంటుంది, గాలిలో మాత్రం పెరుగుతుంది.

తర్వాత అడవుల మీద వచ్చే కార్బన్ క్రెడిట్లు, అంటే వేరేచోట కర్బనం తగ్గించినందుకు ఇచ్చే పత్రాలు, కొనే ప్రతిపాదన వచ్చింది. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. దీని మీద చాలాసేపు చర్చ జరిగింది. భూగర్భం నుంచి తీసి కాల్చిన కర్బనం వందల ఏళ్లు వాతావరణంలో ఉంటుంది. అడవిలో నిలవున్న కర్బనం ఒక్క కార్చిచ్చుతో తిరిగి గాలిలో కలిసిపోవచ్చు. ఈ రెండింటినీ ఒకే పద్దులో కొట్టివేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి ఉన్నత స్థాయి నిపుణుల బృందం కూడా 2022 నవంబర్‌లో ఇచ్చిన నివేదికలో సొంత ఉద్గారాలు తగ్గించడానికి బదులుగా చవక క్రెడిట్లు కొనడాన్ని తప్పుపట్టింది. రుణదాత కూడా క్రెడిట్లను లెక్కలోకి తీసుకోబోమని చెప్పడంతో ఆ ప్రతిపాదన ఆగింది. సూత్రం కంటే వడ్డీ రేటు వల్లే ఆగిందని నాకు తెలుసు. ఏదైతేనేం, ఆగింది.

మూడోది వాళ్లు నిజాయితీగా మొదలుపెట్టిన పని. అన్ని క్షేత్రాల్లో లీకులు వెతికి బాగు చేయడం. కొంత డబ్బు కూడా ఖర్చుపెట్టారు. ఏడాది గడిచాక నివేదికలో మీథేన్ (లీకయ్యే గ్యాస్‌లో ప్రధాన భాగం) అంకె ఇంచుమించు కదల్లేదు. పని చేసినవాళ్లు నిరుత్సాహపడ్డారు. కారణం లెక్క పద్ధతిలో ఉంది. క్షేత్రంలో ఎన్ని వాల్వులున్నాయి, ఎన్ని కంప్రెసర్లున్నాయి అని లెక్కపెట్టి, ఒక్కోదానికి ఒక సగటు గుణకంతో గుణించి మీథేన్ రాస్తున్నారు. కారుతున్న వాల్వును బాగు చేసినా వాల్వుల సంఖ్య మారదు. అందుకని అంకె కూడా మారదు. బాగు చేసినందుకు గుర్తింపు లేదు, వదిలేసినందుకు శిక్ష లేదు. ఇలాంటి లెక్కతో ఏ హామీ అయినా కాగితం మీదే ఉంటుంది.

కొలవాలన్న నిర్ణయం

ఇక్కడ మేం ఇచ్చిన సలహా కంపెనీకి రుచించలేదు. గుణకాలు పక్కనపెట్టి నేరుగా కొలవండి అన్నాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం (యూనెప్) ఆధ్వర్యంలో 2020లో వచ్చిన ఓజీఎంపీ 2.0 అనే మీథేన్ నివేదికల చట్రంలో ఐదు స్థాయులున్నాయి. అన్నింటికంటే పైదైన ఐదో స్థాయిలో పరికరాల వారీ లెక్కను, మొత్తం స్థలం మీద చేసిన కొలతతో సరిపోల్చాలి. రెండింటికీ తేడా వస్తే ఎందుకు వచ్చిందో చెప్పాలి. మేం సూచించింది ఆ దారినే.

ఆర్థిక విభాగానికి టెన్షన్ పట్టుకుంది. కొలిస్తే అంకె పెరుగుతుందని వాళ్లకు ముందే అనుమానం. ఆ అనుమానం సహేతుకమే. లీకుల మీద జరిగిన పరిశోధనల్లో పదే పదే కనిపించింది ఏమిటంటే, పెద్ద లీకులు ఒక 5 శాతం ఉంటే మొత్తం కారుడులో సగానికి పైగా వాటి నుంచే వస్తుంది. సగటు గుణకాలకు ఈ పెద్దవి దొరకవు.

మంటల సంగతీ అంతే. ఫ్లేర్‌లోకి, అంటే గ్యాస్‌ను కాల్చే మంట గొట్టంలోకి, పంపిన గ్యాస్‌లో 98 శాతం కాలిపోతుందని పరిశ్రమ మామూలుగా అనుకుంటుంది. అమెరికాలోని మూడు ప్రాంతాల్లో విమానంతో కొలిచి 2022లో ప్రచురించిన పరిశోధనలో, ఆరిపోయిన మంటలను కూడా కలుపుకుంటే అది సుమారు 91 శాతమే అని తేలింది. తేడా 7 శాతమే కదా అనిపిస్తుంది. 100 టన్నుల మీథేన్‌తో లెక్క వేసి చూడండి. ఒక టన్ను మీథేన్ పూర్తిగా కాలితే 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘమైన ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం, కాలకుండా బయటపడిన టన్ను శిలాజ మీథేన్ వందేళ్ల లెక్కన 29.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఇరవై ఏళ్ల లెక్కన 82.5 టన్నులతో సమానం. 98 శాతం కాలితే వందేళ్ల లెక్కన మొత్తం ప్రభావం సుమారు 329 టన్నులు. 91 శాతం కాలితే సుమారు 518 టన్నులు. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే రెండింతలు దాటుతుంది. నివేదికలో ఒక గడిలో 98 అని రాసేయడం వెనుక ఇంత ఉంది.

ఆపరేషన్స్ విభాగం అధిపతి మా వైపు నిలబడటంతో కొలత మొదలైంది. పరారుణ కెమెరాలు, డ్రోన్లు, ఫ్లేర్ పైపుల మీద ఫ్లో మీటర్లు వాడారు. ఆరిపోయి ఉన్న ఫ్లేర్ దొరికింది. సీళ్లు అరిగిన కంప్రెసర్లు దొరికాయి. గ్యాస్ ఒత్తిడితో నడుస్తూ, నడిచిన ప్రతిసారీ కాస్త గ్యాస్ వదిలే పాత కంట్రోలర్లు చాలా దొరికాయి. వాటిలో లోపం ఏమీ లేదు, వాటి డిజైనే అది.

నాకు ఎక్కువ నేర్పింది మాత్రం ఒక నిల్వ ట్యాంకు. పై మూత తెరిచి ఉంది, కెమెరాలో చూస్తే ఆవిరి ధారగా పోతోంది. అక్కడి సూపర్‌వైజర్‌ను మా బృందం అడిగింది.

"మూత ఎందుకు మూయలేదండీ?"

"మూస్తే ప్రెషర్ పెరిగి అలారం మోగుతుంది సర్. ఆవిరిని పట్టే కంప్రెసర్ పాడైంది. పార్టు కోసం రాసి చాలా కాలమైంది, రాలేదు."

పార్టు ఎందుకు రాలేదో వెతికితే అసలు విషయం బయటపడింది. మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి యంత్రానికీ ఒక ప్రాధాన్యం ఉంటుంది. ఆగిపోతే ఉత్పత్తి ఆగే యంత్రాలకు ముందు వరుస. ఆవిరి పట్టే కంప్రెసర్ ఆగినా చమురు ఆగదు, కాబట్టి అది చివరి వరుసలో ఉంది. బడ్జెట్ బిగించిన ప్రతిసారీ చివరి వరుసలోని ఆర్డర్లు వెనక్కి పోతాయి. బోర్డు గదిలో ఇచ్చిన హామీకి, స్టోర్స్‌లో ఆగిపోయిన ఆర్డర్‌కు మధ్య ఎవరూ దారి వేయలేదు. తప్పు సూపర్‌వైజర్‌ది కాదు. ఆయన ఆ పరిస్థితిలో ప్రమాదం లేకుండా చేయగలిగిందే చేశాడు.

పెరిగిన అంకెను ఏం చేయాలి?

అనుమానించినట్టే కొలిచిన అంకె నివేదికలో ఉన్నదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. ఆధార సంవత్సరాన్ని సరిచేశాక, కొలతను కలిపాక, ఘనంగా చెప్పుకున్న తగ్గుదల చాలా వరకు కరిగిపోయింది.

లీగల్ విభాగం హామీలోంచి అంకెలన్నీ తీసేద్దామంది. వాళ్ల వాదన చమురు కంపెనీ షెల్ మీద నెదర్లాండ్స్‌లో నడిచిన కేసు మీద నిలబడింది. 2021 మేలో హేగ్ జిల్లా కోర్టు, 2030 నాటికి 2019తో పోలిస్తే ఉద్గారాలు నికరంగా 45 శాతం తగ్గించాలని షెల్‌ను ఆదేశించింది. 2024 నవంబర్‌లో అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. మరి మనం ఎందుకు అంకెకు కట్టుబడాలి అన్నది వాళ్ల ప్రశ్న. తీర్పు పూర్తిగా చదవమని మేం అడిగాం. ఫలానా శాతం తగ్గించాలని ఆదేశించలేమని అప్పీలు కోర్టు అన్నది నిజమే. కానీ ఉద్గారాలను పరిమితం చేయాల్సిన బాధ్యత అలాంటి కంపెనీలకు ఉందని కూడా అదే తీర్పు చెప్పింది. పైగా ఇక్కడ అంకె కోర్టు పెట్టింది కాదు. కంపెనీ తనంతట తానే ప్రకటించి, దాని మీద రుణం తెచ్చుకుంది.

అంకెను సవరించి ప్రచురించాలని మేం చెప్పడానికి ఇంకో ఆచరణాత్మక కారణం ఉంది. పెద్ద మీథేన్ ధారలను ఇప్పుడు ఉపగ్రహాలు పట్టేస్తున్నాయి. వాటి సమాచారంతో యూనెప్ నడిపే హెచ్చరికల వ్యవస్థ ప్రభుత్వాలకు, కంపెనీలకు నోటీసులు పంపుతోంది. ఐరోపా సమాఖ్య మీథేన్ నిబంధన 2024లో అమల్లోకి వచ్చింది, దిగుమతి అయ్యే చమురు, గ్యాస్‌లకు కూడా అది దశలవారీగా వర్తిస్తుంది. ఈ అంకె ఎలాగూ బయటికి వస్తుంది. మనం చెప్పి రావడానికీ, మన గురించి ఇంకొకరు చెప్పగా రావడానికీ చాలా తేడా.

బోర్డు సవరణకు ఒప్పుకుంది. పాత అంకె, కొత్త అంకె, తేడాకు కారణాలు మూడూ ఒకే పేజీలో వచ్చాయి. ఒక ఏడాది వడ్డీ రాయితీ పోయింది. రుణదాత మాత్రం సవరించిన అంకెను ఆధారంగా తీసుకుని రుణాన్ని కొనసాగించారు. కొలిచినందుకు శిక్ష పడదన్న సంకేతం కంపెనీ లోపలికి వెళ్లింది. ఆ తర్వాతి మార్పులన్నీ దానివల్లే సాధ్యమయ్యాయి.

ఫలించినవి

మెయింటెనెన్స్ ప్రాధాన్యాలు మార్చడం అన్నింటికంటే చవకైన పని, అన్నింటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన పని కూడా. ఆవిరి పట్టే కంప్రెసర్లు, ఫ్లేర్ వెలిగించే వ్యవస్థలు, కంప్రెసర్ సీళ్లు ముందు వరుసకు వచ్చాయి. గ్యాస్ వదిలే కంట్రోలర్లను విడతలవారీగా గాలితో, కరెంటుతో నడిచేవాటితో మార్చారు. పట్టిన గ్యాస్‌లో కొంత అమ్ముడుపోయింది కాబట్టి ఖర్చులో కొంత తిరిగి వచ్చింది.

ఫ్లేరింగ్ విషయంలో తిరకాసు నిర్వచనంలో ఉంది. ప్రపంచ బ్యాంకు 2015లో మొదలుపెట్టిన కార్యక్రమం 2030 నాటికి రోజువారీ ఫ్లేరింగ్‌ను సున్నా చేయాలంటుంది. భద్రత కోసం కాల్చేది అందులోకి రాదు. ఈ కంపెనీ చాలా మంటలను "అసాధారణ పరిస్థితి" కింద రాసుకుంది. నెలల తరబడి కొనసాగేది అసాధారణం ఎలా అవుతుంది? ప్రతి మంటకూ కారణం, మొదలైన సమయం, ఆగిన సమయం రాయాలని, గడువు దాటితే అది దానంతటదే రోజువారీ పద్దులోకి మారాలని నియమం పెట్టించాం. ఒక క్షేత్రంలో ఆ గ్యాస్‌ను తిరిగి భూగర్భంలోకి పంపే ఏర్పాటుకు పెట్టుబడి దొరికింది ఈ నియమం వచ్చాకే. అప్పటిదాకా అది నివేదికలో సమస్యగా కనిపించనే లేదు.

మేనేజర్ల బోనస్‌ను బ్యారెల్ లెక్క నుంచి కొలిచిన మొత్తం మీథేన్‌కు మార్చారు. ఆస్తుల అమ్మకానికీ కొత్త షరతు వచ్చింది. కొనేవారు మీథేన్ కొలత, ఫ్లేరింగ్ తగ్గింపు కొనసాగిస్తామని ఒప్పందంలో రాసివ్వాలి. ధర కొంత తగ్గుతుందని ఆస్తుల విభాగం అభ్యంతరం చెప్పింది. తగ్గే ఆ ధరే అక్కడి గ్యాస్ మంటకు అసలు ఖరీదు అని మేం చెప్పాం. ముందే అమ్మేసిన క్షేత్రానికి మాత్రం ఏమీ చేయలేకపోయాం. దాని పాత ఉద్గారాలను నివేదికలో విడి వరుసగా చూపించడం వరకే సాధ్యమైంది.

ఇంకా తెగని స్కోప్ 3

ఒక బ్యారెల్ ముడి చమురు కాలితే సుమారు 0.43 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రోజుకు లక్ష బ్యారెళ్లు అమ్మే కంపెనీ ఏదైనా తీసుకోండి, ఏడాదికి అది దాదాపు 1.57 కోట్ల టన్నులు. ట్యాంకు మూతలు, సీళ్లు, మంటలు అన్నీ సరిచేసినా ఈ అంకె కదలదు. బ్యారెళ్లు తగ్గితేనే తగ్గుతుంది.

స్కోప్ 3 అంకెను పూర్తిగా ప్రచురించడానికి బోర్డు ఒప్పుకుంది. లక్ష్యం పెట్టడానికి ఒప్పుకోలేదు. వినియోగదారుడు ఎలా వాడతాడో మా చేతుల్లో లేదన్నది వాళ్ల కారణం. నేను దానితో ఏకీభవించను. వాడకం వాళ్ల చేతుల్లో లేకపోవచ్చు, ఎంత తీయాలన్నది, ఏ కొత్త క్షేత్రంలో డబ్బు పెట్టాలన్నది వాళ్ల చేతుల్లోనే ఉంది. ఆ అభిప్రాయం నివేదికలో రాతపూర్వకంగా ఉంది. ప్రకటనల్లోంచి "నెట్ జీరో" మాట తీసేయడానికి, హామీ మొదటి వాక్యంలోనే "మా సొంత కార్యకలాపాల ఉద్గారాలు మాత్రమే" అని చేర్చడానికి వాళ్లు అంగీకరించారు.

ఇదే పనిలో ఉన్నవారికి ఒక సూచన. హామీ పత్రంతో మొదలుపెట్టకండి. గత కొన్నేళ్ల అమ్మకాల ఒప్పందాలు, మెయింటెనెన్స్‌లో ఆగిన ఆర్డర్ల జాబితా, రాబోయే పెట్టుబడుల ప్రణాళిక ముందు అడగండి. హామీలో ఏది నిజమో, ఏది కాదో ఈ మూడింట్లోనే దొరుకుతుంది.

మేం ఉన్న కాలంలోనే ఒక కొత్త క్షేత్రం పెట్టుబడి ప్రతిపాదన బోర్డు ముందుకు వచ్చింది. దాని జీవితకాలమంతటి స్కోప్ 3 అంకెను అనుబంధంలో కాకుండా మొదటి పేజీలో పెట్టాలని కోరాం, పెట్టారు. ప్రతిపాదనకు ఆమోదం లభించింది. ఆ క్షేత్రం ఉత్పత్తి మొదలైతే 2030 లక్ష్యం మీద ఎంత భారం పడుతుందో లెక్కించే పని ఇప్పుడు నడుస్తోంది. ఆ లెక్క పూర్తయ్యేదాకా హామీలోని శాతాన్ని "పునఃపరిశీలనలో ఉంది" అన్న గుర్తుతోనే ప్రచురిస్తున్నారు.